సెకనుకు యాభై ఏడు ఫ్రేములు

శ్రీకాకుళం,
9 నవంబరు 2025, ఆదివారం.

మోహనకృష్ణ గారికి,

దీవెన వందనాలతో రాయునది. ప్రభువు కృప వల్ల ఇక్కడ అమ్మ, అన్నయ్య, నేను బాగానే ఉన్నాం. విశాఖపట్నంలో మీరూ, మీ ఇంట్లో వారూ, మీ లక్షలాది మంది వీక్షకులూ క్షేమమని తలుస్తాను.

ఈ నాలుగు ముక్కలకే చెయ్యి మొరాయిస్తోంది. నిన్ను నేనెప్పుడు మీరు అన్నాను కనక? మా అన్న థామస్‌ని ఎలా పిలిచానో నిన్నూ అలాగే పిలిచాను. అన్నయ్యా అనడం ఇక నావల్ల కాదు గానీ, నువ్వు అనే రాస్తాను. మర్యాద తగ్గిందేమిటి అనుకోకు, తగ్గించే రాస్తున్నాను.

నీ సందేశం బుధవారం వచ్చింది. ఫోన్లోనే జవాబు ఇవ్వొచ్చు. కానీ ఫోన్లో చెప్పిందాన్ని నీకు కావలసిన చోట కత్తిరించి, వెనకాల వాయిద్యం పెట్టి, ఊరంతటికీ చూపించే విద్య నీకు ఉంది. కాగితమైతే కూర్చుని మొదటినుంచి చివరిదాకా చదవక తప్పదు.

మీ నాన్న కూర్మయ్య గారి జ్ఞాపకార్థం డిసెంబరులో పాత వీడియో గేమ్ యంత్రాల ప్రదర్శన పెడుతున్నావట. చేతిలో పట్టుకుని ఆడేవి, మన చిన్నప్పటివి, అన్నీ వరసగా పెడతావట. మా అన్న తప్పకుండా రావాలట. పాతవన్నీ మర్చిపోయావట, థామస్‌ని మనసారా మన్నించేశావట, ఆ మాటే వేదిక మీద అతన్ని పక్కన నిలబెట్టుకుని అందరి ముందూ చెబుతావట. ఇది అమ్మకి చదివి వినిపించాను. బియ్యంలో రాళ్ళు ఏరుతున్నదల్లా చేట పక్కన పెట్టి, ఎవురు ఎవుర్ని మన్నించారే అని అడిగింది. 

జరిగింది నీకు తెలియనిది కాదు. అయితే నీ వీడియోలో నువ్వు దాన్ని నీ వరసలో చెప్పావు. ఒక్కసారి నా వరసలో విను.

ఆమదాలవలస స్టేషన్ రోడ్డులో మీ నాన్నగారి టీవీ రిపేరు షాపులోనే మీ ఇద్దరూ సోల్డరింగ్ ఐరన్ పట్టడం నేర్చుకున్నారు. మా అన్న ఆయన్ని గురువుగారు అనేవాడు, అది విని నేనూ అలాగే అనేదాన్ని. ఎవరో రిపేరుకి ఇచ్చి మళ్ళీ రాని గేమ్ యంత్రం ఒకటి ఆ షాపులో ఉండేది. నాలుగే రంగులు, ఆ నాలుగూ నాచు రంగులే. తెర మీద ఒక వరసలో పది బొమ్మలదాకా బాగానే కనబడేవి, పదకొండోది వస్తే మాయమైపోయేది. ఆట రాసినవాడిదా తప్పు, బొమ్మలు గీసే చిప్‌దా అని మీ ఇద్దరూ మధ్యాహ్నమంతా కీచులాడుకునేవారు. చిప్ తాహతే అంత అని నువ్వనేవాడివి. అంత అని తెలిసినవాడు దానికి తగ్గట్టు రాసుకోవాలి కదా అని మా అన్న. నేను హోంవర్కు ముందు పెట్టుకుని మీ వాదన వినేదాన్ని. ఆ రోజుల్లో నిన్ను చూస్తే గర్వంగా ఉండేది, నిజం ఎందుకు దాచాలి?

ఆ షాపులో ఒక పద్ధతి ఉండేది, గుర్తుందా? బోర్డు మీద అతుకు ఎవరు వేస్తే మూత వాళ్ళే బిగించాలి. ఒకరు బిగించిన మూతని ఇంకొకరు విప్పి చూడకూడదు. విప్పితే నీ పని మీద నాకు నమ్మకం లేదని మొహాన చెప్పినట్టే. మీ నాన్నగారు నిన్ను ఎప్పుడైనా తిట్టారంటే ఒక్క ఆ విషయంలోనే తిట్టారు.

డిప్లొమా అయ్యాక నువ్వు విశాఖపట్నం పోయి కెమెరా ముందు కూర్చున్నావు. ఏ యంత్రం సెకనుకు ఎన్ని ఫ్రేములు చూపిస్తుంది, దేనిలో ఏ గ్రాఫిక్స్ చిప్ ఉంది, ఏది తడబడుతుంది అని తెలుగులో విడమరిచి చెప్పేవాడు అప్పటికి ఇంకొకడు లేడు. బాగానే చెప్పేవాడివి. మా అన్న ఇక్కడ పాత బ్రిడ్జి దగ్గర షాపు పెట్టాడు. ఇప్పుడొచ్చే కొత్త యంత్రాలు పాత ఆటల్ని అనుకరిస్తాయి తప్ప అసలువి కావనీ, మధ్యలో ఫ్రేములు మింగేస్తాయనీ, బటన్ నొక్కిన తరవాత ఎప్పుడో గెంతుతాయనీ వాడికి కోపం. అందుకే అసలు పాత బోర్డులే వెతికి తెచ్చేవాడు. చచ్చిన యంత్రం నుంచి భాగాలు తీసి బతికున్నదానికి వేసి, వెలుగొచ్చే కొత్త తెర బిగించి అమ్మేవాడు. ప్రతిదాని వెనకా ఒక చిన్న స్టిక్కరు ఉండేది. అసలు వేగం అని. ఆ రెండు మాటలే వాడి ఆస్తి. బొబ్బిలి నుంచి, విజయనగరం నుంచి, అటు బరంపురం నుంచి కూడా ఆ రెండు మాటలు నమ్మి వచ్చేవారు.

మీ నాన్నగారూ రోజూ బస్సులో వచ్చి షాపులో కూర్చునేవారు. కంటి ఆపరేషన్ అయ్యాక ఇంక పని ముట్టుకోవద్దని ఆయనకి ఒట్టు పెట్టావు. ఏదో ఊసు పోక థామస్ దగ్గర కూర్చుంటున్నారని నువ్వే అందరికీ చెప్పుకునేవాడివి.

తరవాత నీ వీడియో వచ్చింది. ఎవరో చూసేవాళ్ళు నీకు మా షాపులో కొన్న యంత్రం పంపించారు. దాన్ని నీ దగ్గరున్న దాని పక్కన పెట్టి, రెంటిలోనూ ఒకే ఆట ఒకేసారి మొదలుపెట్టి వదిలేశావు. ఎవరూ ముట్టుకోకుండా దానంతట అది నడిచే ఆట కొద్దిసేపట్లోనే మాదాంట్లో వెనకపడింది. ఫోన్ కెమెరాతో నెమ్మదిగా తీసి ఫ్రేములు లెక్కపెట్టావు. అరవైకి ఇసుమంత తక్కువ ఉండాల్సింది యాభై ఏడే వచ్చాయి. మూత విప్పావు. లోపల క్రిస్టల్ చూపించావు. గోరంత రేకు డబ్బీ. చిప్ లెక్క చేసినా, తెర మారినా, పాట మోగినా దాని దెబ్బ మీదే నడవాలి. నాలుగుకి కాస్త పైన ఉండే అసలుదాని బదులు బజార్లో దొరికే సరిగ్గా నాలుగు మెగాహెర్ట్జ్‌ది అందులో ఉంది. కక్కుర్తి అన్నావు. స్నేహితుడైనా సరే నిజం నిజమే అన్నావు. షాపు పేరు చెప్పావు, మా అన్న పేరు చెప్పావు, స్టిక్కరు మీది రెండు మాటలు చదివి, ఇది అబద్ధం అన్నావు.

నీ కొలతకి నేను వంక పెట్టను. చర్చిలో కీబోర్డు వాయించేదాన్ని, నాకూ చెవులున్నాయి. షాపులో అమ్మకుండా మిగిలిన వాటిలో ఒకటి తెచ్చి కీబోర్డు పక్కన పెట్టుకుని విన్నాను. ఆట మొదట్లో వచ్చే పాట దాదాపు ఒక మెట్టు కిందికి పలికింది. యాభై ఏడంటే యాభై ఏడే. నాకు కడుపు రగిలేది అందుకు కాదు. ఇన్నేళ్ళు ఒకే కంచంలో తిన్నవాడివి, ఇదేంట్రా థామస్ అని ఒక్క ఫోన్ చెయ్యలేకపోయావు. ఆ ఫోన్‌తోనే ఫ్రేములు లెక్కపెట్టావు కదా, దానికి మాట్లాడే పని కూడా వచ్చు.

ఆ తరవాత ఇక్కడ ఏం జరిగిందో నీ వీడియో కింద రాసినవాళ్ళు ఎవరూ చూడలేదు. కొన్నవాళ్ళంతా తెచ్చి బల్ల మీద పడేశారు. విజయనగరం నుంచి వచ్చినాయన స్టిక్కరు గోటితో గీకి మా అన్న చొక్కాకి అంటించి పోయాడు. చర్చిలో మైకు సెట్టు ఎప్పుడూ వాడే బాగుచేసేవాడు, ఆ పనీ ఇంకొకరికి ఇచ్చారు. సంఘ పెద్ద అప్పారావు గారు అమ్మని మెట్ల మీద ఆపి, మనోడు ఇలాటి పని సేస్తాడని అనుకోలేదమ్మా అన్నారు. అంత మంచి మాటగా అన్నారు కాబట్టి అమ్మకి ఏడవడానికి కూడా వీలు లేకపోయింది.

మా అన్న నోరు తెరవలేదు. అదీ నీకు కలిసొచ్చింది. జవాబు లేదంటే తప్పు ఒప్పుకున్నట్టే అని ఇంకో వీడియో పెట్టావు. షాపు మూతబడింది. ఇప్పుడు వాడు పొద్దున్నే రైలెక్కి కొత్తవలస పోతాడు. అక్కడ ఒక కాంట్రాక్టరు స్టోర్సులో వైర్లూ స్విచ్‌లూ తూచి, లెక్కపెట్టి ఇస్తాడు. మొన్న నా కీబోర్డులో ఒక మీట పనిచెయ్యకపోతే చూడమన్నాను. మూత వైపు చూసి, కొత్తది కొనుక్కోవే అని బయటికి వెళ్ళిపోయాడు. మీట బాగుచెయ్యడం వాడికి ఎంతసేపు పని? సోల్డరింగ్ ఐరన్ పట్టుకోవడానికి భయపడే థామస్‌ని నువ్వు తయారుచేశావు. మీ నాన్నగారి ప్రదర్శనలో వీలైతే అది కూడా ఒక బల్ల మీద పెట్టు.

కాబట్టి వాడు రాడు. వస్తానన్నా నేను పంపను. నీ మన్నింపు నీ దగ్గరే ఉంచుకో. ఆ వేదిక మీద మంచిగా గానీ చెడ్డగా గానీ మా అన్న పేరు ఎత్తకు. మీ నాన్నగారి గురించి ఎంతైనా చెప్పు. అంత మంచి మనిషి గురించి ఎంత చెప్పినా తక్కువే, ఆయన పోయినప్పుడు మా ఇంట్లో పొయ్యి వెలగలేదు. నువ్వు ఉన్నావని మా అన్న దహనానికి రాకుండా దూరంగా స్టేషన్ బెంచీ మీద కూర్చున్నాడు. అందుకు కూడా నిన్ను నేను మన్నించలేదు.

ఇంతకంటే రాయడానికి లేదు.

ఇట్లు,
థామస్ చెల్లెలు,
దీవెన.

తా.క.: కవరుకి జిగురు రాసి కూడా మళ్ళీ తెరిచాను. చెప్పనని మా అన్నకి మాటిచ్చాను, కానీ ఆ మాట మీ నాన్నగారు బతికున్నంతవరకే. వాడైతే ఇప్పటికీ వద్దంటాడు. ఈ ఉత్తరం సంగతి వాడికి తెలియదు.

మీ నాన్నగారు మా షాపులో ఊసు పోక కూర్చోలేదు. పనిచేశారు. చెయ్యి ఖాళీగా ఉంటే మనిషి నీరసపడిపోతున్నారని మా అన్నే బల్ల వేసి ఇచ్చాడు. నీకు తెలిస్తే గొడవ చేస్తావని మా అందరి చేతా అబద్ధం ఆడించారు. కింద పడిన యంత్రాల్లో క్రిస్టల్ పోతుంది కదా, చచ్చిన బోర్డుల నుంచి తీసిన అసలువి ఒక దశలో అయిపోయాయి. ఆయన తన టీవీ షాపు డబ్బాలో వెతికి, దగ్గరి నంబరుది దొరికితే వేసేశారు. బతుకంతా అలాగే దగ్గరి నంబరు వేసి ఎన్ని రిమోట్లు నడిపించారో! ఎవరికీ చెప్పాల్సిన సంగతి అని కూడా ఆయనకి తట్టలేదు. మూత ఆయనే బిగించారు. గురువుగారు బిగించిన మూత మా అన్న విప్పుతాడా? ఆడించి చూశాడు, నడిచింది, స్టిక్కరు అంటించాడు.

నీ వీడియో వచ్చిన మర్నాడు ఆయన మా ఇంటికొచ్చారు. ఒరే థామస్, అది నా సేత్తో నానే ఎట్టాన్రా, నడుస్తాదిలే అనుకున్నాను అన్నారు. ఇప్పుడే ఆడికి ఫోన్ సేసి సెప్పేత్తాను అన్నారు. మా అన్న ఆయన చేతిలో ఫోన్ లాక్కున్నాడు. నేను మా అన్నతో పెద్ద గొడవే పెట్టుకున్నాను. నానైతే ఇంకో పని సూసుకుంటానే, సొంత కొడుకు నలుగురిలో కక్కుర్తి అన్నది తననేనని ఊరంతా అనుకుంటే ఈ వయసులో ఆయన ఏటి సూసుకుంటారు అన్నాడు. అంతే. వాడి మౌనానికి అర్థం అదొక్కటే.

ఇంకొకటి. ఆ వీడియోలో క్రిస్టల్ దగ్గరి అతుకుని పెద్దగా చేసి చూపించి, ఎవడో చెయ్యి వణికేవాడు వేసినట్టున్నాడు, చూడండి అని నవ్వావు. మా ఇంట్లో మంచం మీద కూర్చుని ఆ ముక్క ఆయన మళ్ళీ మళ్ళీ పెట్టించుకుని చూశారు. నువ్వు నవ్విన చోటికి వచ్చినప్పుడల్లా మా అమ్మ వైపు తిరిగి, మావోడు ఎంత బాగా పట్టేసినాడో సూసేవా అమ్మా అన్నారు.