తాత చెప్పిన సాక్ష్యం

మల్కాపురం,
మంగళవారం.

కేథరిన్,

నిన్ను చీవాట్లు పెట్టడానికే ఈ ఉత్తరం. ఫోన్‌లో అయితే మీ తాత వింటాడని, రాసి ఫొటో తీసి పంపిస్తున్నాను.

దెబ్బతిన్న ఊపిరితిత్తుల కణాలు మీ ల్యాబులో మందు పడగానే కోలుకున్నాయని ఆయనకెందుకు చెప్పావు? అవి ఎలుక కణాలనీ, గాజు పళ్ళెంలో ఉన్నాయనీ చెప్పడం మరిచావు. ఆదివారం చర్చిలో లేచి, దేవుడు మనవరాలి చేత తనకు మందు పుట్టించాడని సాక్ష్యం చెప్పేశాడు. అందరూ స్తోత్రం అన్నారు. ఇంటికొచ్చి ఆక్సిజన్ మిషన్‌ని మంచం కిందికి తోసేశాడు.

ముక్కుకు గొట్టం పెట్టుకోమంటే, “సాచ్చిం సెప్పేసినాను. మల్లీ గొట్టం ఎట్టుకుంటే దేవుడి మీద నమ్మకం నేదనే కదేటి? నువ్వు బళ్ళో సైన్సు టీచరువే, అది సైంటిస్టు!” అన్నాడు. ముప్పై ఏళ్ళు పిల్లల చేత కణం బొమ్మ గీయించాను, ఇంట్లో ఒక్కణ్ణి పాస్ చేయించలేకపోయాను.

పెదవులు నీలంగా ఉన్నాయి. గొట్టం ఉంటే రెండు నెలలు, లేకపోతే రోజులే అన్నాడు డాక్టరు. ఆ మందు మనుషుల దాకా రావడానికి పదేళ్ళు పడుతుందని నువ్వే చెప్పు. నీ మాటైతే వింటాడు, గొట్టం పెట్టుకుంటాడు. ఆ తరవాత చర్చి గుమ్మం తొక్కడు, గోడవైపు తిరిగి పడుకుంటాడు. అదీ నాకు తెలుసు. అయినా చెప్పు.

ఉదయం పూటే ఫోన్ చెయ్యి. మధ్యాహ్నానికి ఆయనకు వినే ఓపిక కూడా ఉండడం లేదు.

మీ మామ్మ