ఏడో నంబరు రేకు

ప్రియమైన వదినకు,

ఈ విషయం మీ తమ్ముడికి తెలియకుండా రాస్తున్నాను. పోయిన మావయ్యగారి పాత కారు, అమ్మడానికని ఆయన మా షెడ్డులో బాగుచేస్తున్నారే, దాని సంగతి. కొంటానన్న డాక్టరుగారు ఎప్పుడడిగినా “ఇంకా తుప్పు ఉందట” అని మీకు రాస్తూ వచ్చింది నేనే. ఇప్పుడు ఆ మాట మీద నాకే నమ్మకం పోయింది.

మా పద్ధతి మీకు తెలియదు కదూ. తుప్పు పట్టిన చోటు కోసేశాక, ఆ కంత మీద అట్టముక్క ఆనించి, జాకెట్టుకు కొలత తీసినట్టు నేను నమూనా కత్తిరిస్తాను. నమూనా మీదా, దాన్నిబట్టి ఆయన కోసిన కొత్త రేకు వెనకా ఒకటే నంబరు వేస్తాం. ఏడోది ఎడమ తలుపు కిందిది. వెల్డింగు చేస్తున్నప్పుడు పట్టుకున్నది నేనే.

నిన్న షెడ్డు ఊడుస్తుంటే, కారుకి అతికేసిన ఆ ఏడో నంబరు కొత్త రేకే చెత్తలో దొరికింది. తిప్పి తిప్పి చూశాను. తుప్పు చుక్కయినా లేదు.

“బాగున్న రేకు ఎందుకు కోశారు?” అన్నాను.

“తుప్పంటే చెదలాంటిదే! పైకి గోరంత, లోపల కొండంత. నీకు కనపడదు.”

“కూరగాయల్లో పుచ్చు కనిపెట్టే కళ్ళకు రేకులో పుచ్చు కనపడదా?”

ఆయన గ్రైండర్ ఆన్ చేశారు. ఆ మోతలో నా మాట నాకే వినపడలేదు. అప్పటి నుంచి షెడ్డు నేను ఊడవక ముందే ఆయనే ఊడ్చేస్తున్నారు. పెళ్ళయ్యాక చీపురు పట్టింది ఇప్పుడే! ఆలస్యం చేసి డాక్టరుగారిని విసిగించి, మీ వాటా ఎగ్గొట్టి ఇంకెవరికో ఇచ్చేద్దామనుకుంటున్నారా? నా చేత అబద్ధాలు రాయించారని తేలితే మీ ముఖం ఎలా చూడను?

మీ
మరదలు

అమ్మాయ్,

పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతోంది, అంతే; కారు వదలబుద్ధి కాక వాడు తుప్పు వంక పెడుతున్నాడు. కారు అమ్ముదామన్నది వాడే. “అక్కా, నీ వాటా నీకు ఇచ్చేస్తాను” అన్నాడు. నాన్న కారు పరాయివాళ్ళ వాకిట్లో ఉండటం నాకు మాత్రం ఇష్టమా? వాడికి భారమైందేమో అని ఊరుకున్నాను. వాటా అడుగుతానేమోనని వాడు నాకు భయపడ్డాడు, నేను వాడికి మొహమాటపడ్డాను. ఇక అమ్మటం లేదని డాక్టరుకి నేను చెప్పుకుంటాలే. ఈ ఉత్తరం వాడికి చూపించు.

నీ
వదిన

వదినా,

మీ ఉత్తరం షెడ్డులోనే ఇచ్చాను. గ్రైండర్ ఆపి, చేతులు తుడుచుకుని, రెండుసార్లు చదివారు.

“అక్క నిజంగా ఇలా రాసిందా? నువ్వు రాయించావా?”

“అనుమానం నా ఒక్కదాని సొత్తనుకున్నాను,” అన్నాను.

ఆయన నవ్వేశారు. వెళ్ళి ఏడో నంబరు రేకు తెచ్చి తలుపు కింద ఆనించారు. చుట్టూ సందు. కోతకు తరుగు పోయింది కదా, ఇక సరిపోదు. కాస్త వెడల్పు పెంచి కొత్త నమూనా కత్తిరించి ఇచ్చాను.

“దీనికి ఏ నంబరు వేయమంటావ్?” అన్నారు.

“ఆఖరిది అని వేయండి,” అన్నాను.

వేశారు. అయినా చీపురు మాత్రం మళ్ళీ నేనే తీసుకున్నాను.

మీ
మరదలు