సముద్రం అడ్డున్న హోల్

నాన్నా,

ఈపాటికి నువ్వు ఇల్లు చేరి ఉంటావు. ఇక్కడ పొద్దుటి నుంచీ ఒకటే వాన. ప్రాక్టీసు లేదు. తడిసిన సాక్సులు హీటర్ మీద ఆరేసి, హోటల్ గదిలో కిటికీ పక్కన కూర్చుని రాస్తున్నాను. ఫోన్లో చెప్పొచ్చుగా అంటావు. ఫోన్లో అయితే నేను సగం చెప్పేలోపే నువ్వు "సరేలే, తిన్నావా?" అంటావు. నేను "తిన్నాను" అంటాను. మన ఇంట్లో పెద్ద మాటలన్నీ ఎప్పుడూ ఆ ప్రశ్న దగ్గరే ఆగిపోయాయి.

మొన్నటి గోల్ఫ్ పోటీలో పదిహేడో హోల్ సంగతే. చుట్టూ చెరువు, మధ్యలో జెండా పాతిన పచ్చిక, పళ్లెం బోర్లించినట్టు చిన్న గ్రీన్. హేమాహేమీల పరువు తీసిన చోటు. అదీ, దాని తర్వాతిదీ గట్టెక్కితే కప్పు నాదే. ఎదురుగాలి మొహానికి కొడుతోంది, నాకు ఆరో నంబరు క్లబ్ కర్ర తియ్యాలనిపించింది. ఈలోగా నువ్వు సంచీలోంచి ఏడో నంబరు తీసి చేతిలో పెట్టేశావు. "ఆరుతో కొడితే అవతలి నీళ్లలో పడుతుంది. ఇదే. కొట్టు," అన్నావు. కొట్టాను. బంతి గ్రీన్ అంచు తాకి, ఒక్క క్షణం ఆలోచించుకున్నట్టు ఆగి, వెనక్కి దొర్లి నీళ్లలో పడింది. రెండోసారీ నువ్వు ఏడే అన్నావు. అదీ మునిగింది. గెలవాల్సినదాన్ని చివరికి పదకొండో స్థానంలో తేలాను. మునిగినవాళ్లు తేలడమంటే ఇదే కాబోలు.

ఓడినందుకు కాదు నాన్నా నా బాధ. ఓటమి నాకు కొత్తా ఏమన్నానా? బంతి ఇంకా గాల్లో ఉండగానే నాలో ఒక గొంతు "ఇది నాది కాదు, నాన్నది" అంది.  తర్వాత ఆలోచిస్తే, గెలిచిన రోజుల్లోనూ ఆ గొంతు అదే మాట అనేది. ఫొటోలో కప్పు పట్టుకుని నవ్వుతూ కూడా ఎవరి వస్తువో మోస్తున్నట్టు ఉండేది నాకు. ఇంత వయసొచ్చాక కూడా, ఏ క్లబ్ తియ్యాలో తెలుసుకోవడానికి నేను జెండా వైపు చూడను. నీ మొహం వైపు చూస్తాను.

ఈ మాట నీతో ఎలా అనను? నా కోసం టైలరింగ్ షాపు మూసేసిన మనిషివి. మిగతా షాపుల్లో గౌన్ల బొమ్మలుంటే మన గోడ నిండా లోకంలోని గడ్డు హోల్స్ ఫొటోలు. బావి అంత లోతు ఇసుక గుంట, చెట్ల మధ్య గొట్టంలాంటి దారి, సముద్రం మీదుగా కొట్టాల్సిన కొండకొమ్ము. ఒకావిడ వాటిని చూసి "ఈ పచ్చ గుడ్డ మీటరెంత?" అని అడిగింది, గుర్తుందా? బొత్తాల డబ్బాతో ఆడుకుంటూ ఆ గోడ కిందే పెరిగాను. కుట్టుమిషన్లు వదిలేసి నా సంచీ భుజానికెత్తుకున్నావు. అలాంటి నీతో ఎదురుగా నిలబడి అనలేకే రాస్తున్నాను. వచ్చే పోటీకి నువ్వు రావద్దు. సంచీ మోయడానికి వేరే కేడీని మాట్లాడుకున్నాను. నీ మీద కోపంతో కాదు. కోపమే అయ్యుంటే ఎంత తేలికయ్యేది!

నీ పిచ్చుక


పిచ్చుకా,

నీ ఉత్తరం చదివి, మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాను. మీ అమ్మ "ఏం రాసింది?" అంటే "అక్కడ వానలట" అన్నాను. రెండు రోజులు గడ్డం కూడా గీసుకోలేదు. చివరికి ఆవిడే చొక్కా ఉతకడానికి తీసి, జేబు వెతికి, చదివేసి, "ఇన్నాళ్లకి నోరు విప్పింది పిల్ల" అంది. ఇంట్లో నా పక్షాన ఒక్క ప్రాణీ లేదని అప్పుడు అర్థమైంది.

కోపం రాలేదని అబద్ధం రాయను. వచ్చింది, బాగా వచ్చింది. నీ సంచీ మోసిన భుజం ఇంకా ఓ పక్కకి వంగే ఉంది. అద్దంలో చూసుకుంటే పని రాని టైలరెవడో నన్ను కుట్టినట్టున్నాను. పైగా ఆ రోజు ఏడో నంబరే సరైంది. గాలి మధ్యలో తిరిగింది. నువ్వు తలకిందులుగా తపస్సు చేసినా ఈ విషయంలో ఒప్పుకోను.

కానీ షాపు గురించి రాశావే, అది నాకు కొరుకుడు పడలేదు. నీ కోసం మూశానని చుట్టాలంతా అంటారు. వినడానికి బాగుంది కదా అని నేనూ ఊరుకున్నాను. అసలు సంగతి విను. నాకు కుట్టంటే మొహం మొత్తిపోయింది. పొద్దుగూకులూ తల వంచుకుని సూదిని చూస్తూ కూర్చోవడం! ఆ ఫొటోలు నీ కోసం అతికించినవి కావు. అప్పటికి నువ్వు పుట్టనేలేదు. ఆ కొండకొమ్ము మీద నిలబడి సముద్రపు గాలి పీల్చాలని నాకే కోరిక. నీ పుణ్యమా అని నిలబడ్డాను. నువ్వు బిక్కమొహం వేసుకుని పొదల్లో బంతి వెతుక్కున్న రోజుల్లో కూడా నేను లోపల హాయిగానే ఉన్నానమ్మా, నీ మీద ఒట్టు. కాబట్టి నాన్న త్యాగం, నాన్న త్యాగం అని ఆ బరువు నెత్తిన పెట్టుకోకు. దాన్ని అక్కడే ఏ గుంటలోనో పడేసి ఆడుకో.

కొత్త కేడీకి ఒక్క ముక్క చెప్పు. ఆకలేస్తే నీ బంతి ఎడమకి పోతుంది. జేబులో నాలుగు బాదం పప్పులు ఉంచుకోమను. ఇది సలహా కాదు, సమాచారం.

నాన్న


నాన్నా,

సమాచారం అందింది. పప్పులు కొత్త కేడీయే తినేసింది.

ఆవిడ నాకంటే పొడగరి, మాట మహా పొదుపు. మొదటి రోజు అలవాటుగా చెయ్యి చాపి "ఏ నంబరు?" అన్నాను. "మీకేమనిపిస్తోంది?" అంది. ఏమీ అనిపించలేదు! అడగ్గానే బుర్ర తుడిచిన పలకయిపోయింది. రెండు రోజులు ఘోరంగా ఆడాను. నీకు ఫోన్ చేద్దామని నంబరు సగం నొక్కి ఆపేశాను. ఇదేం తెలివితక్కువ పని చేశాను, ఉన్న నాన్నని పోగొట్టుకుని బుద్ధి తెచ్చుకోవాలా అనుకుని బాత్రూములో కాసేపు ఏడ్చాను కూడా.

ఆఖరి రోజు పదహారో హోల్ దగ్గరికొచ్చాం. నీ కొండకొమ్ము. మనం ఎప్పుడూ బుద్ధిమంతుల్లా ఎడమ పక్క గడ్డి మీదికి కొట్టి, అక్కణ్ణుంచి గ్రీన్ మీదికి పోయేవాళ్లం. ఈసారి మొదటి దెబ్బ కొట్టే టీ గట్టు మీద నిలబడి అవతలున్న జెండా వైపు చూశాను. కింద అలలు రాళ్లని బాదుతున్నాయి. నేరుగా కొట్టాలనిపించింది. అవును నాన్నా, అనిపించింది! సంచీలో అన్నిటికంటే పొడవాటి క్లబ్ అడిగాను.

"గాలి చూశారుగా?" అంది కేడీ.

"చూశాను."

"అయితే కొట్టండి."

నా చేతుల్లో ఉన్న బలమంతా పెట్టి కొట్టాను. బంతి ఎంత బాగా లేచిందనుకున్నావు!  గ్రీన్‌కి కాస్త కింద కొండరాయిని తాకి, ఎగిరి, సముద్రంలో పడింది. అందరూ "అయ్యో" అన్నారు. నేను మాత్రం ఆ గొంతు కోసం చెవి పెట్టాను. "నాది" అంది. అంతే. నవ్వొచ్చేసింది. ప్రపంచంలో ఉన్న నీళ్లన్నీ అడ్డం పెట్టిన హోల్ దగ్గర బంతి పోగొట్టుకుని నవ్వుతున్న మనిషిని చూసి కేడీ కంగారుపడింది. "ఏమైందండీ?" అంది. "ఏం లేదు, ఇంకో బంతి ఇవ్వండి," అన్నాను.

మొత్తానికి పందొమ్మిదో స్థానం. నువ్వుంటే ఇంకాస్త పైన ఉండేదాన్నేమో. వచ్చే నెల ఇంటికి దగ్గర్లోనే ఆడుతున్నాను. అమ్మని తీసుకుని రా. చూసేవాళ్లతో పాటు తాడు అవతల నిలబడాలి, వేళ్లతో నంబర్లు చూపించకూడదు. ఇంకో మాట, ఆ రోజు ఆరో నంబరే. చచ్చేదాకా ఇదే అంటాను.

అన్నట్టు, ఆ రెండో బంతి సముద్రం దాటి జెండా పక్కనే ఆగింది. చప్పట్లతో కొండ మారుమోగిపోయింది. ఎవరైనా ముందు అదే రాస్తారు. నాకెందుకో నీకు మొదటి బంతి గురించే చెప్పాలనిపించింది.

నీ కూతురు