నాన్న గొంతున్న కంటైనర్

తమ్ముడూ,

ఫోన్ చేస్తే ఎత్తడం లేదు కాబట్టి కాగితం మీద పెడుతున్నాను. దీన్నైనా పూర్తిగా చదువు.

ఆపరేషన్‌తో నాన్నకు మాట పోతుందని డాక్టరు ముందే చెప్పాడు కదా. అందుకే ఆయన పాటలు, మనవరాలికి చెప్పిన కథలు, నిన్ను తిట్టిన తిట్లు కూడా నా ఫోన్‌లో రికార్డు చేసుకున్నాను. "ఇంట్లో సొంత సర్వర్ ఉండగా ఫోన్‌లో ఎందుకక్కా, తీసెయ్" అన్నావు. చెప్పుల స్టాండు పక్కన ఆ పెట్టె పెట్టి ఎంత గొప్పగా చెప్పావు! లోపల ఒక్కో యాప్‌కీ ఒక్కో సాఫ్ట్‌వేర్ డబ్బా ఉంటుంది, దాన్నే కంటైనర్ అంటారన్నావు. పాతబడితే ఆ కంటైనర్‌ని పారేసి కొత్తది తెచ్చుకోవడమే, మన రికార్డింగులు విడిగా డిస్కులో భద్రంగా ఉంటాయన్నావు. నమ్మి, అన్నీ అందులోకి ఎక్కించి, ఫోన్‌లోవి తీసేశాను.

ఆదివారం కాఫీ తాగుతూ "కొత్త వెర్షన్ వచ్చిందక్కా, చిటికెలో పని" అని పాతదాన్ని పారేశావు. ఆ పాత కంటైనర్‌ని మొదట్లోనే డిస్కుకి కలపడం మర్చిపోయానని బస్సెక్కాక మెసేజ్ పెట్టావు. అంటే నాన్న గొంతు ఇన్నాళ్లూ ఆ కంటైనర్‌లోనే ఉంది, దానితోనే పోయింది. కొత్త యాప్ తళతళలాడుతోంది. "మీ మొదటి రికార్డింగు చేర్చండి" అని మర్యాదగా అడుగుతోంది.

నాన్నకు ఇంకా తెలియదు. సాయంత్రం నా పక్కకి కుర్చీ లాక్కుని, తన పాటలు పెట్టమని వేలితో సైగ చేస్తారు. ఛార్జింగ్ లేదన్నాను. నెట్ రావడం లేదన్నాను. సరేలే అన్నట్టు తలూపి, మెడకు తువ్వాలు చుట్టుకుని లేచి వెళ్లిపోతున్నారు.

సర్వర్ బాగుచేయడానికి నువ్వు రానక్కర్లేదు. తర్వాతి అబద్ధం చెప్పడానికి రా. నా దగ్గరున్నవి అయిపోయాయి.

అక్క