వదులు అన్న ఒక్క మాట

జూన్ 14, ఆదివారం

వదినగారికి నమస్కారాలు.

ఇక్కడ మేమిద్దరం క్షేమం అని రాయడం మర్యాద కాబట్టి రాస్తున్నాను. మీ ఉత్తరం అందింది. మీ ఇంటి దగ్గరి చికిత్సాలయంలో మంచం ఖాళీ అయిందనీ, గురువారంలోగా చెప్పకపోతే వేరేవాళ్ళకి ఇచ్చేస్తారనీ, తమ్ముణ్ణి పంపమనీ రాశారు. పంపను వదినా. కోప్పడకండి, కారణం చెప్తాను.

పక్షవాతం వచ్చాక నాలుగు నెలలు పెదవి కదపని మీ తమ్ముడు, పోయిన నెల ఒక మాట మాట్లాడారు. అటక మీది ఆయన గాలం కర్ర దించి, మంచం అంచున కూర్చుని దుమ్ము దులుపుతున్నాను. దారం చుట్టిన రీలు మీద వేలు పెట్టానో లేదో, వదులు అన్నారు. మునిగేవాడికి గడ్డిపోచ దొరికినట్టయింది నాకు. ఆ మాట మళ్ళీ వినాలనే గాలం విసరడం నేర్చుకుంటున్నాను.

మందుల షాపులో పని ముగించుకుని రాగానే ఆయన్ని కుర్చీతో సహా లిఫ్టులో డాబా మీదికి తీసుకెళ్తాను. ఎన్నిసార్లు ఆయన చేత్తో బాగుచేసిన లిఫ్టు అది! కొక్కెం బదులు సీసం గుండు కట్టి, దూరంగా పెట్టిన బకెట్లో పడేలా విసరాలి. చూడ్డానికి ఆటే. కానీ గుండు ఎగురుతుంటే దారం చుట్టిన చక్రం గిర్రున తిరుగుతుంది. దాని మీద బొటనవేలు ఆన్చీ ఆన్చనట్టు ఉంచాలి. గట్టిగా నొక్కితే గుండు కాళ్ళ దగ్గరే పడుతుంది. పూర్తిగా ఎత్తేస్తే, గుండు నెమ్మదించినా చక్రం ఆగదు, దారమంతా పిచ్చుక గూడైపోతుంది. నా మొదటి వేటలో కింది వాటా ఆవిడ ఆరేసుకున్న లంగా పడింది. ఎరగా సబ్బు పెట్టావా తల్లీ అని అడిగిందావిడ.

చిక్కుపడ్డప్పుడల్లా ఆయన వదులు అంటారు. రీలు పక్కనున్న మర బిగువైందేమో అనుకుని వదులు చేశాను. చక్రం ఇంకా రెచ్చిపోయింది. వేలు వదలమంటున్నారేమో అనుకుని ఎత్తేశాను. గంటన్నర కూర్చుని చిక్కు తీశాను. వదులు చెయ్యమనా, వదలమనా అని అడిగితే కళ్ళు మూసుకుంటారు. ఇరవై రెండేళ్ళు కాపురం చేసి ఒక్క మాటకి అర్థం పట్టుకోలేకపోతున్నాను వదినా. దారం ముందేసుకుని ఏడ్చాను కూడా.

శుక్రవారం గుండు బకెట్లో ఠంగుమని పడింది! గబుక్కున వెనక్కి తిరిగితే ఆయన గోడ వైపు చూస్తున్నారు. ఎండ కళ్ళలో పడి ఉంటుంది.

మీ దగ్గర ఆయన ముందు రీలు ఎవరు తిప్పుతారు? ఈ ఒక్క మాటా పోతే నేనేం పెట్టుకుని బతకను? నన్ను తొందరపెట్టకండి.

మీ మరదలు

తా.క. కవరు అంటించి మళ్ళీ చింపాను. మీ దగ్గర ఒకటి దాచాను. నిన్న రీలు దించనే లేదు, అటక మీదే ఉంది. చెయ్యి బిగుసుకుపోకుండా రోజూ చేయించే వ్యాయామం కోసం ఆయన మణికట్టు పట్టుకున్నాను. వదులు అన్నారు. నొప్పేమోనని పట్టు సడలించాను. మళ్ళీ అదే అన్నారు, నా కళ్ళలోకి చూస్తూ. అక్క దగ్గరికి వెళ్తారా అని అడిగాను. అవునని తలూపారు. ఇన్నాళ్ళలో ఆయన తలూపడం అదే మొదలు.

బుధవారం బండి పంపండి. నేను వద్దని అడ్డం పడినా ఆగొద్దని డ్రైవరుకి చెప్పండి.