ఆయిల్ మరక మీద బూడిద

కసుబా నాన్నా,

ఇవాళ కారు ఆయిల్ మారుస్తానన్నావు కదా, కొత్త డబ్బా కిటికీలో పెట్టాను. ఇంజను కాస్త వేడెక్కాకే పాత ఆయిల్ తియ్యి. పోయినసారిలా న్షిమా సంకటి వండే గిన్నె తీసుకెళ్లి కారు కింద పెట్టావంటే ఊరుకోను. పగిలిన బేసిన్ కోళ్ల గూడు దగ్గరుంది. పాత ఆయిల్ పారబొయ్యకు, కంచె గుంజలకి పుయ్యి, చెదలు తినేస్తున్నాయి.

అడుగు బోల్టుకి కొత్త వాషరు కూడా కొన్నాను. పోయినసారి పాతదే చాలన్నావు, అప్పట్నించీ కారుతూనే ఉంది. రోజూ పొద్దున్నే కుంపట్లో బూడిదెత్తి ఆ మరక మీద చల్లేది నేను. "చుక్క కారితే ఇంత గోలేంటే?" అని నవ్వేది నువ్వు.

చిక్కుళ్లు ఉడికించి మూతపెట్టాను. మన పిల్ల కసుబాని తీసుకుని కాబ్వే బస్సెక్కుతున్నా, మా అమ్మ దగ్గరికి.

కసుబా అమ్మ

చెప్పడం మరిచా. నిన్న టమాటాల కోసం రైలు పట్టాల అవతలికి వెళ్లాను. మావిస్ గురించి అడిగితే ఆవిడ ఇల్లు ఎక్కడో కూడా తెలీదన్నావే, ఆ మావిస్ గేటు ముందు అచ్చం మన వాకిట్లో ఉన్నటువంటి మరకే ఉంది. దాని మీదా బూడిద చల్లి ఉంది, పొరలు పొరలుగా. వాషరు మాత్రం మార్చు. పాపం, ఆవిడకైనా ఆ చాకిరీ తప్పుతుంది.