బిళ్ళ మీద చేప

ఆగస్టు 8, 2017. మంగళవారం.

ఇది రాయకూడదనే అనుకున్నాను. పొద్దున పెన్ను మూత తీశాను, పెట్టేశాను. టీ తాగాను. మళ్ళీ తీశాను. రాసిన కాగితాన్ని ఏదో ఒకనాడు ఎవరో ఒకరు చదువుతారు... నలభై ఏళ్ళు కాగితాలకు అట్టలు వేసినవాణ్ణి, ఆపాటి తెలియదా. అయినా ఈ పేజీకి తప్ప ఎవరికి చెప్పుకోను. రాజ్యానికి చెప్పలేను. కట్టుకున్నదే గానీ, విషయం ఆమె తమ్ముడిది.

పేపర్లో నాలుగో పేజీ, అడుగున. చీపురుపల్లి దగ్గర జీడితోట షెడ్డులో పేకాట. ఎనిమిది మంది దొరికారు. ఆడించేవాడు పరారీ. దొరికిన వస్తువుల్లో — బంగారు అంకెలు ముద్రించిన ప్లాస్టిక్ బిళ్ళలు.

బంగారు అంకెలు. ఆ ముక్క మళ్ళీ మళ్ళీ చదివాను. మొదటిసారి, సిగ్గు లేకుండా ఒప్పుకుంటాను, కొంచెం గర్వంగానే ఉంది. రెండోసారికి లేచి వీధి తలుపు వేశాను.

తోట మా బావమరిది సింహాచలానిది. బిళ్ళలు నావి.


ఆగస్టు 9. బుధవారం.

ఎలా మొదలైందో రాసి పెట్టుకోవడం మంచిది. ఎవరైనా అడిగితే తడబడకూడదు.

మా ఆమదాలవలస రీడింగ్ రూములో సాయంత్రాలు నలుగురం రమ్మీ ఆడతాం. డబ్బు లేదు, చింతపిక్కలు. కూర్మారావు మేష్టారు ఎంత ఓడినా ఆయన ముందు కుప్ప తరగదు. ఇంటి నుంచి జేబులో పోసుకొస్తున్నాడని తేలింది. కాపీ కొట్టిన పిల్లల్ని బెంచీ ఎక్కించి నిలబెట్టిన మనిషి. అడిగితే, "పిక్క మీద పేరు రాసుంటాదేటి?" అన్నాడు.

ఆ మాట నన్ను పట్టుకుంది. పేరు రాసున్న పిక్కే చేసి చూపిద్దామనుకున్నాను.

శ్రీకాకుళంలో మా బైండింగు షాపు మూసేసినప్పుడు ఓనరు నాకు గోల్డు అచ్చు మిషను ఇచ్చేశాడు. కాలేజీ రికార్డుల మీద బంగారు అక్షరాలు కొట్టేది. పైన కరెంటుతో కాలే పలక, కింద బల్ల, పక్కన పిడి. ఖాళీ బిళ్ళలు ఇంటర్నెట్ సెంటరు వాడు పార్సిల్లో తెప్పించి పెట్టాడు... ఎరుపు, నీలం, పచ్చ. పోకర్ అనే ఆటకట. నేనెప్పుడూ చూడలేదు. పాత హవాయి చెప్పు అడుగులో గుండ్రంగా చిల్లు కోసి, బిళ్ళ కదలకుండా అందులో కూర్చోబెట్టాను. పైన బంగారు రేకు. పిడి దించి ఒకటి, రెండు — ఎత్తాలి. మూడు దాకా ఉంచితే బిళ్ళ ఉబ్బుతుంది. ఒకటికే ఎత్తితే అంకె గోటికి ఊడొస్తుంది. మొదటి వారం ఇల్లంతా కాలిన ప్లాస్టిక్ కంపు, నా జుట్టు నిండా బంగారు పొడి. రాజ్యం నన్ను చూసి, "ఈ వయసులో పెళ్ళికొడుకు ముస్తాబేటి" అంది.

ఇంతవరకు నా తప్పు లేదు. ఇది గట్టిగా చెప్పుకోవాలి.


ఆగస్టు 10.

ఎవరూ రాలేదు. వీధి తలుపు గొళ్ళెం మూడుసార్లు చూశాను.


ఆగస్టు 11. శుక్రవారం.

ఇప్పుడు తప్పు సంగతి.

ఎండాకాలంలో సింహాచలం వచ్చాడు. రీడింగ్ రూము బిళ్ళలు చేత్తో తిప్పి తిప్పి చూశాడు. "నాకూ ఓ రెండొందలు సేసీ బావా. తోటలో సుట్టాలం కూకుని ఆడుకుంతాం." అంకెలు ఏం కొట్టమంటావు అన్నాను. ఐదూ పదీ వద్దన్నాడు. ఐదొందలు, వెయ్యి, ఐదు వేలు.

చుట్టాలు కూర్చుని ఆడుకునే ఆటకి ఐదు వేల బిళ్ళ ఎందుకో నాకు తట్టలేదు — అని రాయబోయి ఆగాను. పేజీకి కూడా అబద్ధం చెబుతానా. తట్టింది. కానీ వాడు అప్పటికే, "నీ పనికి సాటి లేదు బావా" అనేశాడు. ఆ మాట విని ఎన్నేళ్ళయిందో. పైసా తీసుకోకుండా పది రోజులు కూర్చుని కొట్టాను.

కొట్టి ఊరుకున్నానా. ప్రతి బిళ్ళ వెనకా చేప వేశాను.

చేప గురించి చెప్పాలి. మా అమ్మ భావనపాడు నుంచి గంప నెత్తిన పెట్టుకుని ఊరూరా చేపలమ్మింది. నేను బడి మొహం చూడలేదు. పదకొండో ఏట షాపులో చేరి, అచ్చు అక్షరాలు చూసి చదువు నేర్చుకున్నాను. అచ్చు అక్షరాలు తిరగేసి ఉంటాయని నాకెవరు చెప్పారు? అమ్మకు రాసిన మొదటి ఉత్తరం అంతా తిరగేసే రాశాను. పక్కింటావిడ అద్దం ముందు పట్టుకుని చదివి వినిపించిందట. ఎక్కడికో పోతున్నాను... ఓనరు ఒకరోజు పిలిచి, ప్రతి బైండరుకూ తనదని ఒక గుర్తుండాలి అన్నాడు. అట్ట వెనక, కింది మూల. మిగతావాళ్ళు పేరులో మొదటి అక్షరం పెట్టుకున్నారు. నేను బుడితి వెళ్ళి కంచరి చేత ఇత్తడి చేప అచ్చు చెక్కించుకున్నాను. చింతపిక్కంత. ఉలి జారి తోక కొంచెం పైకి వంగింది. అలా వంగిన తోక చేప ఇంకెవరి దగ్గరా లేదు.

పని అయ్యాక చేప వేయకపోతే చేతికి పని అయినట్టుండదు. సింహాచలం వేయమనలేదు. ఆ చెయ్యి నన్నూ అడగలేదు.


ఆగస్టు 12. శనివారం.

చేప అచ్చును చేతిరుమాల్లో మూటకట్టి శ్రీకాకుళం బస్సెక్కాను. వంతెన మీద దిగాను. నాగావళి నిండుగా ఉంది, ఎర్రనీళ్ళు. పక్కన ఒకావిడ పూజ చేసిన పూలు నీళ్ళలో విడుస్తోంది. నా మూట చూసి, "ఏ మొక్కు బాబూ?" అంది. చేప మొక్కు అన్నాను. ఆవిడ చేతులు జోడించింది. నేనూ జోడించాను. మూట వదిలేశాను.

చప్పుడు కూడా వినిపించలేదు.


ఆగస్టు 13.

హాయిగా నిద్రపట్టింది. రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను.


ఆగస్టు 14. సోమవారం.

ఎంత తెలివితక్కువవాణ్ణి.

రీడింగ్ రూములో పేక కలుపుతూ ఊరికే తల ఎత్తాను. ఎదురుగా అద్దాల బీరువా. పాత వారపత్రికల బైండులు, వరసగా. అన్నీ నేను కట్టినవే. లేచి వెళ్ళి ఒకటి తీసి తిరగేశాను. కింది మూల, వంగిన తోక. ఇంకోటి. ఇంకోటి. ఒక్క ఈ గదిలోనే ఇన్ని ఉంటే కాలేజీల్లో ఎన్ని, రికార్డులు రాసిన పిల్లల ఇళ్ళల్లో ఎన్ని. జిల్లా అంతా చేపలు వదిలిపెట్టి, అచ్చు ఒక్కటి నదిలో పారేసి మొక్కు తీర్చుకొచ్చాను.

బొటనవేలి గోరుతో గీకుతున్నాను. కూర్మారావు మేష్టారు కళ్ళజోడు పైనుంచి చూశాడు. "ఏటి గీకుతన్నావు? నీ పేరు నువ్వే సెరిపేసుకుంతావేటి?"

మరక అన్నాను.

గోరు అరిగింది. చేప అలాగే ఉంది. ఊడిపోయే పని నేనెప్పుడు చేశాను గనక.


ఆగస్టు 15.

జెండా పండగ. పోలీసు స్టేషను ముందు దారినపోయే వాళ్ళందరికీ మిఠాయి పెడుతున్నారు. తప్పించుకుని పోతే అనుమానపడతారని ఆగి తీసుకున్నాను. ఇచ్చినవాడు నవ్వాడు. ఎందుకు నవ్వాడు?

తినలేకపోయాను. జేబులో కరిగింది.


ఆగస్టు 17. గురువారం.

సింహాచలం ఫోను. ఎవరిదో నంబరు. ఒడిశా వైపు ఎక్కడో ఉన్నట్టున్నాడు, వెనక ఒడియా మాటలు. "ఎవులేటి అడిగినా నాకు తెల్దని సెప్పు బావా. నీ పేరు నేను రానివ్వనులే."

అప్పటిదాకా నా పేరు వస్తుందేమోనన్న భయం. ఇప్పుడు అది రాకుండా ఆపేది వాడేనన్న భయం.

ఫోను పెట్టేసి తిరిగితే రాజ్యం గుమ్మంలో. బియ్యం చేట చేతిలోనే ఉంది. ఎప్పటి నుంచి తెలుసు అన్నాను. పేపరు వచ్చిన రోజు నుంచీ అంది. తొమ్మిది రోజులు ఇద్దరం ఒకరికి తెలియకుండా ఒకరం భయపడ్డామన్నమాట.

"ఆడు నా తమ్ముడు. నువ్వు నా మొగుడివి. నన్నేటి సెయ్యమంతావు?"

చేటలో రాళ్ళు ఏరుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది.


ఆగస్టు 19. శనివారం.

వచ్చాడు.

మామూలు బట్టలే. కానీ బూట్లు చూస్తే తెలిసిపోతుంది. చీపురుపల్లి స్టేషనులో కానిస్టేబుల్నని తనే చెప్పాడు. చేతిలో గుడ్డసంచి. అందులోంచి తీసి నా ముందు పెట్టాడు... బోటనీ రికార్డు. ఇరవై ఏళ్ళనాటిది. కుట్లు తెగాయి, అట్ట మూలలు ఎలకలు కొరికాయి. కూతురు ఈ ఏడు కాలేజీలో చేరిందట, నాన్న వేసిన బొమ్మలు చూస్తానందట. బొమ్మలు నిజంగా బాగున్నాయి. మందార పువ్వు నిలువుకోత, ఒక్కో గీత వెంట్రుకంత.

ఇల్లెలా తెలిసింది అన్నాను. శ్రీకాకుళంలో పాత షాపు పక్కన అడిగాడట. అంత దూరం తిరిగి.

"పాత అట్ట ఎలాగున్నాదో అచ్చం అలాగే కావాల బాబాయ్. ఏదీ తగ్గకూడదు."

బాబాయ్ అన్నాడు. అరిచి ఉంటే ఇంత భయం వేసేది కాదు.

వెళ్తూ మిషను దగ్గర ఆగాడు. పలక మీద చెయ్యి పెట్టాడు. "ఇంకా ఏడెక్కుతాదా?" ఎక్కుతుంది అన్నాను. పాత హవాయి చెప్పు, దాంట్లో గుండ్రటి చిల్లు, బల్ల మీదే ఉన్నాయి. చూశాడో లేదో తెలియదు.

సోమవారం వస్తానన్నాడు.

బిళ్ళల మాట ఒక్కటీ ఎత్తలేదు.


ఆగస్టు 20.

చెప్పు పొయ్యిలో పెట్టాను. పాత అట్ట కూడా పెట్టబోయాను. రాజ్యం చేతిలోంచి లాక్కుంది. "అదీ కాలిస్తే ఆడికి ఇంకేటి సెప్తావు?"

రికార్డు కుట్టాను. సూది రెండుసార్లు వేలికి గుచ్చుకుంది. నల్ల రెక్సిను. వేడి చూసుకుని అక్షరాలు కొట్టాను. ఒకటి, రెండు. బాగా వచ్చాయి. ఆ తర్వాత అట్ట తిరగేసి, అలవాటుగా పక్కన ఇత్తడి ముక్క కోసం తడుముకున్నాను.

పాత అట్ట బల్ల మీద. కింది మూల చేప. కొత్త అట్ట దాని పక్కన. కింది మూల ఏమీ లేదు.


ఆగస్టు 21. సోమవారం.

పదకొండు గంటలకి వచ్చాడు. ఈసారి యూనిఫాంలో.

కొత్త అట్ట చూసి సంతోషించాడు. అక్షరాలు వేలితో తడిమాడు. వెనక్కి తిప్పాడు. బొటనవేలు కింది మూలకి జారింది. అక్కడే ఆగింది.

"సేప లేదేటి బాబాయ్?"

అచ్చు పోయింది అన్నాను.

"ఎప్పుడు పోయింది?"

ఏం చెప్పాలో నిన్నంతా అనుకుని పెట్టుకున్నాను. చాలా ఏళ్ళయింది అని చెప్పాలి. నోరు తెరిచాను. అప్పుడు గుర్తొచ్చింది, రెండొందల బిళ్ళలున్నాయి వాళ్ళ దగ్గర, కొత్తగా మెరుస్తూ, ఒక్కోదాని వెనకా చేపతో.

"మొన్నీమధ్యే" అన్నాను.

అతను తల ఊపాడు. చొక్కా జేబులోంచి చిన్న పుస్తకం తీసి ఏదో రాసుకున్నాడు. రాజ్యం మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. తాగాడు. గ్లాసు కింద పెట్టి, వస్తాను బాబాయ్ అని మోటారు సైకిలెక్కి వెళ్ళాడు.

కూతురి కోసమని తెచ్చిన రికార్డు తీసుకెళ్ళలేదు. బల్ల మీదే ఉంది.